నాచారం స్టూడియో పేరు, ఫ్రెడ్ అస్టేర్ వీలునామా

హైదరాబాద్ తూర్పు కొసన ఉప్పల్, దాన్ని ఆనుకుని నాచారం. ఉప్పల్ అనగానే ఇప్పటివాళ్లకు క్రికెట్ స్టేడియం, మెట్రో స్టేషన్ గుర్తొస్తాయి. నాచారం అంటే పారిశ్రామికవాడ, ఈఎస్ఐ ఆసుపత్రి. పాత తరం సినిమావాళ్లకు మాత్రం నాచారం అంటే రామకృష్ణ స్టూడియోస్. దాన్ని కట్టించింది ఎన్.టి.రామారావు. ఆ పేరులోని రామకృష్ణ ఆయన పెద్దకొడుకు. 1962లో, ‘ఇరుగు పొరుగు’ షూటింగ్ ముగిసిన కొద్దికాలానికే, ఆ అబ్బాయి చనిపోయాడు. అతని జ్ఞాపకంగా స్టూడియోకు ఆ పేరు పెట్టారు. తర్వాత ఆ బ్యానర్ మీద వచ్చిన సినిమాల్లో 1977 సంక్రాంతికి విడుదలైన ‘దానవీరశూరకర్ణ’ ఒకటి. టైటిళ్లలో రామకృష్ణ సినీ స్టూడియోస్ అని చదివిన లక్షలమందిలో, అది పోయిన బిడ్డ పేరని తెలిసినవాళ్లు తక్కువే ఉంటారు.

తెలుగు సినిమాలో ఇది కొత్త కాదు. అక్కినేని నాగేశ్వరరావు తన స్టూడియోకు భార్య అన్నపూర్ణ పేరు పెట్టుకున్నారు. తన పాటలు తానే పాడుకున్న భానుమతి, భర్త రామకృష్ణారావుతో కలిసి నడిపిన భరణి సంస్థకు కొడుకు పేరు పెట్టారు. డి.రామానాయుడి సురేష్ ప్రొడక్షన్స్ పేరూ కొడుకుదే. కాచిగూడలోని తారకరామ థియేటర్ పేరులో రామారావు, ఆయన భార్య బసవతారకం ఇద్దరూ ఉన్నారు. బంజారాహిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రి బసవతారకం పేరు మీదే నడుస్తోంది. మన తారలు ఇంటి సంగతులు పత్రికలవాళ్లకు చెప్పింది తక్కువ. బోర్డుల మీద రాయించింది ఎక్కువ.

ఇలా తారలు తమంతట తాము బయటపెట్టినది కొంత ఉంటుంది. పెట్టనిది చాలా ఉంటుంది. మనిషి బతికి ఉన్నంతకాలం ఆ హద్దు ఎక్కడో ఆయనే చెబుతాడు. పోయాక ఎవరు చెప్పాలి? భార్యా, పిల్లలా, సినిమా తీసేవాళ్లా, కోర్టులా? పాత ప్రశ్నే. అయితే ఈ రెండు మూడేళ్లలో దీనికి కొత్త తొందర వచ్చింది. కారణం కృత్రిమ మేధ (మనిషి ముఖాన్ని, గొంతును నమూనాల నుంచి నేర్చుకుని కొత్తగా తయారుచేయగల కంప్యూటర్ విద్య). 2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గొంతును ఈ విద్యతో పునఃసృష్టించారంటూ, అనుమతి అడగలేదంటూ, ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. బాలు కన్నుమూసింది 2020 సెప్టెంబరులో. అదే రోజుల్లో ఎ.ఆర్.రెహమాన్, చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ‘లాల్ సలామ్’ కోసం వాడారు. ఆయన ముందే కుటుంబాల అనుమతి తీసుకున్నారు, డబ్బూ ఇచ్చారు. పని ఒకటే. ఒకచోట నోటీసు, ఇంకోచోట ఒప్పందం. ఈ తేడాకు కారణం చట్టం కాదు, ఆ మనుషుల పద్ధతి. చట్టం ఏమంటుందో ఇద్దరికీ తేటగా తెలియదు, ఎందుకంటే దాన్ని తేటగా ఎవరూ రాయలేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. తార జీవితం అని మనం ఒక్క మాటలో అనేదానిలో మూడు వేరు వేరు హక్కులు కలగలిసి ఉన్నాయి. ఒకే పొలానికి పట్టా ఒకరిది, కౌలు ఇంకొకరిది, గట్టు మీద నడిచే బాట ఊరందరిదీ అయినట్టు, వీటికి సొంతదారులు వేరు, గడువులు వేరు. మొదటిది గోప్యత (తన ఇంటి సంగతుల జోలికి ఇతరులు రాకుండా ఉండే హక్కు). ఇది ఆ మనిషిదే. రెండోది పబ్లిసిటీ హక్కు (పేరును, ముఖాన్ని, గొంతును వ్యాపారానికి వాడుకోనిచ్చే లేదా ఆపే హక్కు). దీనికి వెల ఉంది కాబట్టి వారసత్వంగా రావాలా వద్దా అన్న వాదన దీని చుట్టూనే తిరుగుతుంది. మూడోది కాపీరైట్. సినిమా విషయంలో ఇది నటుడిది కాదు, నిర్మాతది. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే టీవీ చర్చల్లో ఎవరు చెప్పేదీ ఎవరికీ అందదు.

ఈ మూడూ ఒక మనిషి జీవితంలో ఎలా విడిపోతాయో చూపడానికి ఫ్రెడ్ అస్టేర్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. హాలీవుడ్‌లో సంగీత చిత్రాలు (కథను పాటలూ నృత్యాలూ నడిపించే సినిమాలు) వెలిగిన కాలానికి ఆయన పెద్ద తార. 1899లో అమెరికాలోని ఒమాహాలో పుట్టారు. చిన్నతనం నుంచి అక్క అడీల్‌తో కలిసి రంగస్థలం మీద నాట్యం చేశారు. 1933లో సినిమాల్లోకి వచ్చి జింజర్ రోజర్స్‌తో పది చిత్రాల్లో జోడీ కట్టారు. నాట్యం చేసేటప్పుడు తల నుంచి పాదం దాకా తెర మీద కనిపించాలని, వీలైనంతవరకు షాటు తెగకూడదని ఆయన పట్టుబట్టేవారు. పాడింది ఆయనే, ఆడింది ఆయనే.

తెర మీద ఇంతగా కనిపించిన మనిషి ఇంటి విషయంలో మాత్రం తలుపు వేసుకునే ఉన్నారు. ఆ కాలపు హాలీవుడ్‌లో అది తేలికైన పని కాదు. నటులు స్టూడియోలతో ఏళ్ల తరబడి ఒప్పందాల మీద ఉండేవారు. నడవడి బాగా లేకపోతే తీసేసే షరతు ఆ ఒప్పందాల్లో ఉండేది. తార ఎవరితో భోజనానికి వెళ్లాలో, ఆ ఫొటో ఏ పత్రికకు వెళ్లాలో చూసుకోవడానికి స్టూడియోలో ప్రచార విభాగం ఉండేది. లూయెల్లా పార్సన్స్, హెడ్డా హాపర్ లాంటి కాలమిస్టులు తారల కాపురాల కబుర్లు కోట్లమందికి చేరవేసేవారు. ఈ యంత్రం కింద నలిగిన మనిషి జూడీ గార్లాండ్. 1935లో, పదమూడేళ్ల వయసులో, ఎం.జి.ఎం. స్టూడియో ఆమెతో ఒప్పందం రాయించుకుంది. ఆమె తిండినీ, నిద్రనూ, బరువునూ స్టూడియో శాసించింది. మాత్రలు అలవాటయ్యాయి. 1950లో స్టూడియో ఆమెను వదిలేసింది. 1969లో, నలభై ఏడేళ్లకే, లండన్‌లో చనిపోయింది. ఆమె బాధ బతికి ఉండగానే పత్రికల సరుకైంది. పోయాక పుస్తకాలకూ సినిమాలకూ ముడిసరుకైంది.

అస్టేర్ అదంతా దగ్గరి నుంచి చూశారు. ఆయన భార్య ఫిలిస్ 1954 సెప్టెంబరులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి ఆయన ‘డాడీ లాంగ్ లెగ్స్’ అనే సరదా సినిమా ఒప్పుకుని ఉన్నారు. మానేస్తానని, అప్పటిదాకా అయిన ఖర్చు తానే ఇచ్చుకుంటానని స్టూడియోకు చెప్పారు. తర్వాత మనసు మార్చుకుని పూర్తి చేశారు. 1955లో విడుదలైన ఆ సినిమా చూస్తే ఆ దుఃఖం జాడ ఎక్కడా దొరకదు. ఆ తర్వాత పాతికేళ్లు ఒంటరిగానే ఉన్నారు. 1980లో, ఎనభై ఒకటో ఏట, గుర్రప్పందేల జాకీ రాబిన్ స్మిత్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె ఆయన కన్నా నలభై ఏళ్లకు పైగా చిన్న. 1987 జూన్ 22న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన రామారావు జీవితాన్ని దీని పక్కన పెట్టండి. అస్టేర్ కన్నా ఇరవై నాలుగేళ్లు చిన్న, 1923 మే 28న నిమ్మకూరులో పుట్టారు. 1943లో మేనమామ కూతురు బసవతారకంతో పెళ్లయింది. పన్నెండుమంది పిల్లలు, ఎనిమిదిమంది కొడుకులు, నలుగురు కూతుళ్లు. గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం కొద్దిరోజులకే వదిలేసి మద్రాసు వెళ్లారు. ‘మనదేశం’ 1949లో వచ్చింది. విజయా సంస్థతో ఒప్పందం మీద ‘పాతాళభైరవి’ చేశారు, అది 1951లో విడుదలైంది. తర్వాత తమ్ముడు త్రివిక్రమరావుతో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటర్ పెట్టి సొంతంగా సినిమాలు తీశారు. అక్కడ స్టూడియో ప్రచార విభాగం చేసిన పని ఇక్కడ కుటుంబం చేసింది. లెక్కలు తమ్ముడు చూసేవాడు, కొడుకులు తెర మీద అర్జునుడూ అభిమన్యుడూ అయ్యారు, పేర్లు బ్యానర్లయ్యాయి. బయటికి ఏం వెళ్లాలో ఇంటివాళ్లే తేల్చుకునేవారు.

పాటల సంగతిలో ఇద్దరికీ పెద్ద తేడా ఉంది. మన పౌరాణికాలు, జానపదాలు ఒక విధంగా సంగీత చిత్రాలే. పద్యాలూ పాటలూ తీసేస్తే ‘పాండురంగ మహాత్మ్యం’లో మిగిలేది తక్కువ. అయినా రామారావు తెర మీద పాడినప్పుడు వినిపించింది ఎక్కువగా ఘంటసాల గొంతు. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది, సినిమా ఇంకొకరిది. అందుకే తెలుగులో ఒక పాటను కృత్రిమంగా మళ్లీ పుట్టించాలంటే ఎవరి అనుమతి కావాలన్న లెక్క హాలీవుడ్‌లో కన్నా ఇంకా చిక్కుగా ఉంటుంది.

మద్రాసు బజుల్లా రోడ్డులోని ఇల్లు కూడా పూర్తిగా ఇల్లు కాలేదు. రాముడిగా, కృష్ణుడిగా, వేంకటేశ్వరుడిగా ఆయన్ని చూసిన జనం తిరుపతి యాత్ర ముగించుకుని బస్సుల్లో నేరుగా ఆ గుమ్మానికి వచ్చేవారు. ఆయన బయటికి వచ్చి కనిపించేవారు. అభిమానులకు దర్శనం దొరికేది కానీ ఇంటి కబురు దొరికేది కాదు. కొడుకు పోయిన సంగతి గురించి ఆయన చేసిన పెద్ద ప్రకటన నాచారంలో స్టూడియోకు పెట్టిన పేరే అనుకోవచ్చు.

సొంత పార్టీ పెట్టి 1983లో ముఖ్యమంత్రి అయ్యారు. 1985లో బసవతారకం క్యాన్సర్‌తో చనిపోయారు. 1993లో, డెబ్బయ్యో ఏట, తన జీవితచరిత్ర రాయడానికి వచ్చిన లక్ష్మీపార్వతిని పెళ్లి చేసుకున్నారు. భార్యను క్యాన్సర్ తీసుకుపోవడం, ఏళ్ల ఒంటరితనం, పెద్ద వయసులో రెండో పెళ్లి. ఇంతవరకు అస్టేర్ కథే. ఆ తర్వాత దారులు విడిపోయాయి. అస్టేర్ పెళ్లి ఆయన ఇంటి సంగతిగానే మిగిలింది. రామారావు పెళ్లి పార్టీ సంగతైంది. 1994 చివర ఎన్నికల్లో భారీగా గెలిచిన ప్రభుత్వం 1995 ఆగస్టులో చీలింది. సెప్టెంబరు 1న అల్లుడు చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు చనిపోయారు.

అస్టేర్ తన వీలునామాలో ఒక మాట రాయించారు. తన పాత్రను ఎవరూ ఎప్పుడూ సినిమాలో వేయకూడదన్నది ఆయన కోరిక. తన జీవితాన్ని తప్పుగా అర్థం చేసి చూపిస్తారన్నది ఆయన చెప్పిన కారణం. చాలామంది ఇదే చివరి మాట అనుకుంటారు. కానీ వీలునామా కుటుంబాన్ని కట్టడి చేస్తుంది, బయటివాళ్లను కాదు. కాలిఫోర్నియా చట్టం 1985 నుంచి చనిపోయిన ప్రముఖుల పేరు, గొంతు, రూపం మీద వారసులకు హక్కు ఇచ్చింది. అయితే ఆ హక్కు సరుకులు అమ్ముకోవడానికి, ప్రకటనలకు వాడుకోవడం గురించి. నాటకం, పుస్తకం, సినిమా, వార్తలకు అది వర్తించదు. జీవితకథ తీయవచ్చు. 2021లో నటుడు టామ్ హాలండ్ అస్టేర్ పాత్ర వేస్తానని బాహాటంగానే చెప్పారు.

భార్య రాబిన్ ఈ హక్కు కోసం గట్టిగా పోరాడారు. నాట్యం నేర్పే వీడియోల్లో ఒక సంస్థ అస్టేర్ పాత సినిమాల ముక్కలు వాడుకుంది. ‘సెకండ్ కోరస్’, ‘రాయల్ వెడ్డింగ్’ అన్నవి ఆ సినిమాలు. కాపీరైటును సమయానికి తిరిగి నమోదు చేయించకపోవడంతో ఆ రెండూ అప్పటికే అందరి సొత్తయ్యాయి. ఆమె కోర్టుకెళ్లారు. 1997లో అప్పీలు కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. వీడియో కూడా చట్టం మినహాయించిన కోవలోకే వస్తుందని చెప్పింది. ఆమె అక్కడితో ఆగలేదు. శాసనసభ దాకా వెళ్లారు. 1999లో వచ్చిన సవరణ చట్టానికి అస్టేర్ పేరే పెట్టారు. రక్షణ యాభై ఏళ్ల నుంచి డెబ్బై ఏళ్లకు పెరిగింది.

ఇంత బలమైన హక్కుకు ఒక ఖరీదు కూడా ఉంది. 1992లో వాషింగ్టన్‌లోని కెనడీ సెంటర్ జింజర్ రోజర్స్‌ను సన్మానించింది. ఆమె నాట్యం చూపాలంటే పక్కన అస్టేర్ ఉండాలి. ఆ ముక్కలు ప్రసారం చేయాలంటే రుసుం ఇవ్వాలని రాబిన్ అడిగారు. నిర్వాహకులు ఒప్పుకోలేదు. ఆ ముక్కలు లేకుండానే ప్రసారం జరిగింది. పది సినిమాలు కలిసి ఆడిన స్త్రీ సన్మానం టీవీలో వచ్చినప్పుడు ఆ పది సినిమాలు కనిపించలేదు. అదే రాబిన్ 1997లో ఒక వాక్యూమ్ క్లీనర్ కంపెనీకి మాత్రం అనుమతి ఇచ్చారు. అస్టేర్ ఆ యంత్రంతో నాట్యం చేస్తున్నట్టు టీవీ ప్రకటన వచ్చింది. నాకు ఇక్కడే ఇబ్బంది అనిపిస్తుంది. వారసుల చేతిలో హక్కు పెడితే చనిపోయిన మనిషి గౌరవం నిలుస్తుందని అనుకుంటాం. నిజానికి వారసుల అభిరుచి నిలుస్తుంది. రెండూ ఎప్పుడూ ఒకటి కావు.

మన దేశంలో దారి వేరుగా సాగింది. ఇక్కడ ఈ విషయం మీద ప్రత్యేక చట్టం లేదు. ఉన్నవి తీర్పులు. 1994లో సుప్రీంకోర్టు, హత్యకేసుల ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో మొదటి గీత గీసింది. ప్రతి మనిషికీ తన ఇల్లు, పెళ్లి, పిల్లలు, చదువు వంటి వాటిలో గోప్యత ఉంటుంది. అనుమతి లేకుండా వాటి గురించి ప్రచురిస్తే నష్టపరిహారం ఇవ్వాల్సి రావచ్చు. దానికి మినహాయింపులు ఉన్నాయి. కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్నది రాయవచ్చు. ప్రభుత్వ పదవిలో ఉన్నవాళ్లు విధి నిర్వహణలో చేసిన పనుల మీద గోప్యత చెప్పుకోలేరు. తనంతట తాను వివాదంలోకి దిగిన మనిషి పరిస్థితి కూడా వేరు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. తన పేరు, రూపం వ్యాపారానికి ఎలా వాడాలో తేల్చుకునే హక్కు ఆ మనిషిదేనన్న మాట ఆ తీర్పులో ఒక న్యాయమూర్తి రాసిన భాగంలో ఉంది.

ఇదంతా బతికున్నవాళ్ల గురించి. చనిపోయాక ఏమిటి? 2021లో మద్రాసు హైకోర్టు ముందుకు ఈ ప్రశ్న వచ్చింది. రామారావు సరసన నటించి, తర్వాత తమిళనాడు ముఖ్యమంత్రి అయిన జయలలిత జీవితం మీద సినిమా తీస్తున్నారు. ఆమె మేనకోడలు ఆపమని అడిగారు. గోప్యత ఆ మనిషితోనే పోతుందని, ఆస్తిలాగా వారసులకు రాదని కోర్టు చెప్పింది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు ఇంకా ముందుకెళ్లింది. గోప్యతతో పాటు పబ్లిసిటీ హక్కు కూడా మరణంతోనే ముగుస్తుందని చెప్పింది. కాలిఫోర్నియాలో డెబ్బై ఏళ్లు ఉండేది ఇక్కడ ఆ తీర్పు ప్రకారం ఒక్కరోజు కూడా ఉండదు.

అంటే పోయినవాళ్ల గురించి ఏమైనా అనవచ్చా? అనలేరు. చనిపోయిన మనిషి మీద మోపిన నింద, ఆయన బతికి ఉంటే పరువు తీసేదై, కుటుంబం మనసు నొప్పించేదైతే, అది క్రిమినల్ పరువునష్టం కిందికి వస్తుంది. పాత శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో ఈ వివరణ ఉండేది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌లోకి చేరింది. సివిల్ దావా మాత్రం నడవదు. పరువునష్టానికి పరిహారం అడిగే హక్కు మనిషితో పాటే పోతుంది. కాబట్టి కుటుంబానికి మిగిలింది ఒక సన్నటి దారే. ఆ దారిలో నిజం చెప్పినవాణ్ని ఆపడం కష్టం. అది అలాగే ఉండాలి కూడా.

ఈ నియమాలు తెలుగునాట ఎలా పనిచేశాయో 2019 చూపించింది. ఆ జనవరి 9న క్రిష్ దర్శకత్వంలో ‘ఎన్టీఆర్: కథానాయకుడు’, ఫిబ్రవరి 22న ‘ఎన్టీఆర్: మహానాయకుడు’ వచ్చాయి. బాలకృష్ణ తండ్రి పాత్ర వేశారు, విద్యాబాలన్ బసవతారకం పాత్ర వేశారు. ఇది ఇంటివాళ్లు చెప్పిన కథ. రెండో సినిమా బసవతారకం మరణంతో ముగిసింది. మార్చి 29న రామ్‌గోపాల్ వర్మ, అగస్త్య మంజు దర్శకత్వంలో ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ వచ్చింది. అది మొదటి కథ వదిలేసిన చోట, లక్ష్మీపార్వతి రాకతో మొదలైంది. తెలంగాణలో విడుదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు ఉత్తర్వుతో ఆగింది. ఏప్రిల్ 11న అక్కడ పోలింగ్ ఉంది. గొడవకు మూలం గోప్యత కాదు, ఎన్నికలు.

ఒక మనిషి జీవితం రెండు సినిమాల మధ్య సరిగ్గా ఒక గీత దగ్గర తెగింది. ఆ గీత 1985. ఒకరు అక్కడ కథ ఆపారు, ఇంకొకరు ఆ తర్వాత కథ మొదలుపెట్టారు. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా, కథ ఎక్కడ ముగించాలో ఎంచుకోవడమే ఒక తీర్పు అవుతుంది. ఏడాది ముందు నటి సావిత్రి జీవితం మీద వచ్చిన ‘మహానటి’ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. సావిత్రి కూతురు ఆ సినిమాను మెచ్చుకున్నారు. సావిత్రి భర్త జెమినీ గణేశన్ మొదటి భార్య కూతురు తన తండ్రిని చూపించిన తీరును తప్పుపట్టారు. ఒకే కాపురం, రెండు ఇళ్ల జ్ఞాపకాలు. సినిమా అనుమతి ఏ ఇంటి నుంచి తీసుకోవాలని అడిగితే, ఇవ్వగల హక్కు చట్టప్రకారం ఎవరికీ లేదన్నదే జవాబు.

ఇది లోపమని చాలామంది అంటారు. నేను అలా అనుకోను. అస్టేర్ ఏ పదవీ చేపట్టలేదు. ఆయన రెండో పెళ్లి వల్ల ఏ ప్రభుత్వమూ కూలలేదు. ఆ తలుపు మూసి ఉంచితే లోకానికి నష్టం లేదు. ఆ కోరికను గౌరవించాలి. రామారావు సంగతి అలా కాదు. 1993 నుంచి 1996 దాకా ఆయన ఇంట్లో జరిగినదానికీ, రాష్ట్ర ప్రభుత్వం మారడానికీ ముడి ఉంది. ఆ మూడేళ్ల గురించి కొడుకులూ కూతుళ్లూ చెప్పేది, భార్య చెప్పేది, ఎదుటి పార్టీ చెప్పేది అన్నీ బయటికి రావాల్సినవే. ఆ కథ ఏ ఒక్కరి అనుమతి మీదా ఆధారపడకూడదు. కానీ అదే మినహాయింపును 1962కు సాగదీయకూడదు. పెద్దకొడుకు పోయిన రోజున ఆ ఇంట్లో ఎవరేమన్నారన్నది రాష్ట్ర చరిత్ర కాదు. ఒకే మనిషి జీవితంలో ఒక గది తెరవాలి, ఒక గది వదిలేయాలి. పదవితో ముడిపడిందా లేదా అన్నదే 1994 తీర్పు ఇచ్చిన కొలత. అది బతికున్నవాళ్ల కోసం రాసినా, పోయినవాళ్ల గురించి రాసే రచయితలూ దర్శకులూ తమంతట తాము పాటించదగింది.

ముఖం, గొంతు విషయంలో మాత్రం నేను వేరేగా ఆలోచిస్తాను. కథ చెప్పడం వేరు, మనిషిని బొమ్మలా ఆడించడం వేరు. ‘యమదొంగ’లో 2007లోనే కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో పెద్ద ఎన్టీఆర్‌ను మనవడి పక్కన నిలబెట్టారు. అది కుటుంబం ఒప్పుకున్న ముచ్చట, చూసినవాళ్లు ఆనందించారు. అప్పట్లో ఆ పనికి పెద్ద బృందం, పెద్ద డబ్బు కావాలి. ఇప్పుడు ఒక ఫోన్ చాలు. రేపు ఏ ఎన్నికల్లోనో రామారావు ముఖమూ గొంతూ ఏదో ఒక పార్టీకి ఓటు అడిగితే, ఏ వారసుడు ఏ సెక్షన్ కింద ఆపాలి? పరువునష్టం కాదు, ఎందుకంటే అక్కడ నింద లేదు. గోప్యత కాదు, అది ఆయనతోనే పోయింది. పబ్లిసిటీ హక్కు కూడా పోయిందని ఢిల్లీ కోర్టు చెప్పింది. బతికున్న తారలకు ఈ భయం కొంత తగ్గింది. 2025 సెప్టెంబరులో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు, చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు రక్షణ ఇస్తూ ఉత్తర్వులు జారీ చేశాయి. అవి ఆ ఇద్దరికీ వర్తించేవే. పోయినవాళ్ల పేరు మీద అలాంటి ఉత్తర్వు కోసం వెళ్లాలంటే ముందు ఆ హక్కు ఉందని చెప్పే చట్టం ఉండాలి.

కాలిఫోర్నియా 2024లో మరో అడుగు వేసింది. చనిపోయిన కళాకారుల డిజిటల్ నకలు (ముఖాన్ని, గొంతును కంప్యూటర్‌తో నిజంలా తయారుచేసిన రూపం) వారసుల అనుమతి లేకుండా సినిమాల్లో, పాటల్లో వాడకూడదని చట్టం చేసింది. జీవితకథలకు, వార్తలకు, వ్యంగ్యానికి మినహాయింపు ఉంచింది. కథకు స్వేచ్ఛ, నకలుకు కట్టడి. మనకు కావలసింది సరిగ్గా ఈ గీతే. డెబ్బై ఏళ్ల వంటి పొడుగు గడువు అక్కర్లేదు. కెనడీ సెంటర్‌లో జరిగినది చూశాక, వారసుల చేతికి అంత పెద్ద తాళం ఇవ్వడం మంచిది కాదనే నా అభిప్రాయం. ఒక తరం గడిచేదాకా చాలు. భార్యా పిల్లలు బతికి ఉన్నంతకాలం వాళ్ల కళ్ల ముందు అబద్ధపు బొమ్మ ఆడకుండా ఉంటే చాలు. పార్లమెంటు చేయాల్సిన పని ఇది. కోర్టులు ఒక్కొక్క తారకు ఒక్కొక్క ఉత్తర్వు ఇస్తూ పోతే లాయరును పెట్టుకోగలిగిన కుటుంబాలకే న్యాయం దొరుకుతుంది. పాతకాలపు కోరస్ గాయనికి, రంగస్థల నటుడికి, హరికథ చెప్పినవాళ్లకు దొరకదు.

సినిమా కాపీరైట్‌కు మాత్రం మన చట్టంలో గడువు స్పష్టంగా ఉంది. విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు. ఆ లెక్కన ‘మనదేశం’ 2009తోనే అందరి సొత్తయింది. ‘దానవీరశూరకర్ణ’ 2037 డిసెంబరు 31 దాకా నిర్మాతది. ఫ్రెడ్ అస్టేర్ రూపానికి కాలిఫోర్నియాలో రక్షణ 2057 దాకా ఉంటుంది. రామారావు ముఖానికీ, ఘంటసాల గొంతుకీ, బాలు గొంతుకీ మన దేశంలో ఏ చట్టంలోనూ ఏ సంవత్సరమూ రాసి లేదు.